ముక్కలన్నీ బాగానే ఉన్నాయి

పనిచేస్తున్న వస్తువుని ముక్కలు చెయ్యడంలో ఉన్న సుఖం మీకు తెలియదంటే, పాఠకులారా, మీరింకా వెనకబడే ఉన్నారు. మా మాంటెవీడియోలో ఎలీసియోని చూసి నేర్చుకోండి.

అతని కంపెనీ బస్సు టికెట్లమ్మే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. మొదట్లో అన్ని పనులకీ కలిపి ఒకటే పెద్ద ప్రోగ్రామ్. ఎక్కడ చెడినా అందరూ కలిసి తిట్లు తినేవారు. ఇదేం నాగరికత? అందుకే ఎలీసియో దాన్ని విడగొట్టాడు. టికెట్ భాగం, సీటు భాగం, చెల్లింపు భాగం. ఒక్కోదానికి చంటిపిల్లలకైనా అర్థమయ్యే పేరు, ఒక్కో బాధ్యుడు. ఆ సంబరంలో, మా ఊళ్ళో అందరూ ఒకే గ్లాసులో పంచుకుని తాగే మాతే తేనీరు ఆఫీసంతా తిరిగింది.

కొత్త పద్ధతిలో మొదటి టికెట్ తన డెల్మీరా పెద్దమ్మకే తీశాడు. ఆరేడు గంటల ప్రయాణం దూరంలో ఉన్న సాల్తో ఊళ్ళో ఆవిడ కూతురికి నెలలు నిండాయి. పొద్దుటి బస్సుకే వెళ్ళాలి.

బస్సులోంచి ఫోనొచ్చింది.

"ఒరే ఎలీసియో, నా సీట్లో కాలికి కట్టు కట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. ఆయన టికెట్ మీదా నా నంబరే. లెమ్మనడానికి నోరు రావట్లేదు. బస్సేమో కిటకిటలాడుతోంది."

ఎలీసియో టికెట్ భాగం చూసే నొయేలియా దగ్గరికి పరిగెత్తాడు.

"మీ పెద్దమ్మకి టికెట్ వచ్చిందా?"

"వచ్చింది."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

సీటు భాగం రమీరోది. అతను స్క్రీన్ మీంచి చూపు కూడా తిప్పలేదు.

"అడిగినవాళ్ళకి సీటివ్వడం దాని పని. ఇద్దరడిగారు, ఇద్దరికీ ఇచ్చింది. ఇచ్చింది గుర్తుపెట్టుకోవాలని దాని పేరులో ఉందా?"

లేదు. ఆ పేరు పెట్టింది ఎలీసియోనే.

ఎంత హాయో చూశారా! పెద్దమ్మ నిలబడే ఉంది, తప్పు మాత్రం ఎవరిదీ కాదు. పాత పద్ధతిలో ఇంత ప్రశాంతత దొరికేదా?

గుర్తుపెట్టుకోవడానికి ఇంకో భాగం కావాలని మీటింగు పెట్టారు. అవసరం మీద అందరిదీ ఒకే మాట. పేరు దగ్గరే పేచీ వచ్చింది. 'గుర్తు' అన్నాడు రమీరో. 'జ్ఞాపకం' అంది నొయేలియా. అది తేలేలోపు బస్సు సాల్తో చేరిపోయింది.

సాయంత్రం పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"ఆడపిల్లరా. తల్లీ బాగుంది, బిడ్డా బాగుంది. నీ టికెట్టూ బాగుంది, సీటూ బాగుంది. నా నడుమే పట్టేసింది. అదెవరి భాగంలోకి వస్తుందో కనుక్కుని చెప్పు."

ఎలీసియో కనుక్కోలేదు. కోటు తగిలించుకుని, బస్సు టెర్మినల్‌కి నడిచివెళ్ళి, క్యూలో నిలబడి, టికెట్ల కిటికీ వెనకున్న మనిషిని అడిగి పెద్దమ్మకి తిరుగు టికెట్ తీసుకున్నాడు.