మా వీధి పచ్చికకు మహారాజపోషకులు

ఇందిరా నగర్‌లోని మా వీధి పార్కులో, ముప్పై అడుగుల పొడవు ఇరవై అడుగుల వెడల్పు గల పచ్చిక ఆకలితో అలమటిస్తున్నదని మా నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం రాసింది కార్యదర్శినైన నేనే. పచ్చికను అడిగి రాయలేదు. ఆకలితో ఉన్నవాళ్లను అడిగి తీర్మానాలు రాసే అలవాటు మనకు ఎక్కడుంది గనక.

ఆకలి తీర్చే పథకం మా అధ్యక్షులు అరివళగన్ గారిది. ఒక పెద్ద ఆఫీసులో ముప్పై మూడేళ్లు సంతకాలు పెట్టి అలిసిపోయి రిటైరైన మహానుభావులాయన. ఇంట్లో పుట్టినరోజైనా, పిల్లల చెవులు కుట్టించినా, పెద్దల సంవత్సరీకమైనా ఆ రోజు పచ్చికకు ఒక పూట ఎరువు వేయించవచ్చు. వేయించిన దాత ఫొటోతో సంఘం ఒక ఫ్లెక్సు బ్యానర్ కట్టిస్తుంది. ఎరువు సంగతి ఎవరూ సరిగ్గా వినలేదు గాని, బ్యానర్ మాట చెవిన పడగానే నలభై మూడు మంది పేర్లిచ్చారు.

వీళ్లందరికీ తోడు వరదరాజులు అనే తోటమాలి ఒకడున్నాడు. పదకొండేళ్లుగా రోజుకూలి మీద ఆ పచ్చికను కనిపెట్టుకుని ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి గడ్డి పచ్చగా ఉంటే అతన్ని పర్మనెంటు చేస్తామని సంఘం మాటిచ్చింది. పర్మనెంటయితే జ్వరమొచ్చిన రోజు మొగుడు ఇంట్లో పడుకోవచ్చని అతని భార్య జయలక్ష్మమ్మ ఆశ. రోజూ సాయంత్రం వచ్చి ఆ గడ్డిని చూసి దణ్ణం పెట్టుకుని వెళ్లేది.

తొలి పూట అరివళగన్ గారి పుట్టినరోజుకు యూరియా. మలి పూట తిలగం గారి మనవరాలి చెవులు కుట్టిన శుభసందర్భాన వేపపిండి. బ్యానర్ మీద ఆ మనవరాలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, రెండు సింహాల నడుమ సింహాసనం మీద కూర్చుంది. వయసు తొమ్మిది నెలలు. శిలంబరసన్ గారు చేపల తలకాయలు బెల్లంలో పులియబెట్టి తెచ్చి పోశారు. ఆ వారం సర్వసభ్య సమావేశానికి సభ్యుల కంటే పిల్లులే ఎక్కువ హాజరయ్యాయి. విమల్ గారు కీర్తిశేషులైన తమ తండ్రికి ఇష్టమని ఫిల్టర్ కాఫీ పోశారు, చక్కెర తక్కువగా.

నెల తిరక్కముందే పార్కుకు నాలుగు వైపులా చోటు నిండిపోయింది. మిగిలిన దాతలు అలిగారు. అధ్యక్షులు వెంటనే అడ్డంగా తాళ్లు కట్టించి, బ్యానర్లను పచ్చిక మీద పందిరిలా పరిపించారు. తమ బ్యానర్‌ను కూడా తెప్పించి నట్టనడుమ కట్టించుకున్నారు. బొమ్మలు కిందివైపు ఉండాలని ఆదేశించారు, తిండి పెడుతున్నదెవరో గడ్డికి తెలియాలి కదా. దాతలు కుటుంబాలతో ఆదివారం పూట వచ్చి, గడ్డి మీద వెల్లకిలా పడుకుని, తమ ముఖాలు తాము చూసుకుని ఆనందించేవారు.

గడ్డి పసుపుపచ్చగా మారింది. ఆకలి ముదిరిందని సంఘం నిర్ధారించి పూటకు రెండు మోతాదులు వేయించింది. గడ్డి తెల్లబడింది. రోజుకు మూడు పూటలు చేశాం. అప్పుడు వరదరాజులు సమావేశం గుమ్మం దగ్గరికి వచ్చి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"దానికి ఆకలి యాడుంది సార్? తిండెక్కువై మాడిపోతా ఉండాది. పైన ఎండే పడలా. ఆ బేనర్లు పది దినాలు ఇప్పేయండి, మిగతాది నేను చూసుకుంటా."

అతను చెప్పింది నిజమని అందరికీ తెలుసు. నాకైతే మూడు వారాల ముందే తెలుసు. కాని ఎవరి బ్యానర్ ముందు విప్పాలి? పసిదాని బొమ్మ దించితే అరిష్టమని తిలగం గారన్నారు. దించితే తమ తండ్రి రెండోసారి పోయినట్టవుతుందని విమల్ గారు కళ్లు తుడుచుకున్నారు. నట్టనడుమ ఉన్న అధ్యక్షుల బ్యానర్ పేరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అందరూ ఆయన ముఖం చూశాం. ఆయన లేచి ప్రసంగించారు.

"యూరియా పెట్టినాం. చేపలు పెట్టినాం. ఇంటికొచ్చిన అల్లుడికి ఇచ్చినట్టు కాఫీ ఇచ్చినాం. ఇంత తినీ నిలబడలేని గడ్డి మన వీధికి అవసరమా అని అడుగుతున్నా."

అవసరం లేదని చప్పట్లు తేల్చాయి. పది రోజులకు గడ్డి పూర్తిగా పోయింది. మర్యాద తప్పకుండా కన్నీటి అంజలి బ్యానర్ కూడా కట్టాం. పోయిన గడ్డి స్థానంలో ప్లాస్టిక్ గడ్డి పరిపించాం. బుక్ చేసుకున్న దాతలకు అన్యాయం జరగకూడదు గనక, దానికీ ఎరువు యథావిధిగా వేయిస్తున్నాం. ఎంత పెట్టినా వాడిపోని ఆ గడ్డి సంస్కారాన్ని దాతలు వేనోళ్ల పొగుడుతున్నారు.

ప్లాస్టిక్‌కు తోటమాలి అక్కర్లేదు. వరదరాజులును శాలువా కప్పి ఇంటికి పంపాం. బ్యానర్ వేయిద్దామంటే మా దగ్గర అతని ఫొటో లేదు. పదకొండేళ్లలో ఎవరూ తీయలేదు. అందుకని అతని పేరు వేసి, పైన అధ్యక్షుల ఫొటో పెట్టాం. జయలక్ష్మమ్మ దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇందులో మా ఆయన యాడుండాడు సార్?" అని అడిగింది. పేరు చూపించాను. ఆమెకు చదువు రాదు.

ఆ బ్యానర్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో అందరికీ పంపాను. మీకూ వచ్చింది. మీరు చప్పట్ల బొమ్మ పెట్టారు.