కొలువులో కోత మిషన్లు

ఆయుధ పూజ రోజు తెల్లవారకముందే లేచి, చెయిన్ రంపాలన్నిటినీ నూనె గుడ్డతో తుడిచి, తొమ్మిదిన్నరకల్లా పూజ ముగించి, ఆ తర్వాత స్నేహితులతో కూర్చుని తీరిగ్గా పోల్చుకోవాలన్నది మునిశేఖర్ వేసుకున్న పథకం. ఎవరి రంపం ఎన్నిసార్లు తాడు లాగితే అందుకుంటుంది, ఎవరిది దగ్గకుండా ఎక్కువసేపు తిరుగుతుంది, ఎవరిదానికి పుట్టినప్పటి రంగు ఇంకా మిగిలి ఉంది అన్నవి తేల్చుకోవాలి. ఏడాదికి ఆ ఒక్క రోజే వీలు. ఆ రోజు ప్రతి షెడ్డులోనూ మోటార్లకు బొట్టు పెట్టి ఆడిస్తారు కాబట్టి ఆ గోలలో ఈ గోల ఎవరి చెవినా పడదు.

పడితే ఏమవుతుందంటారా? తిరుపతిలో, శేషాచలం కొండ కింద కాపురముంటూ, ఇంట్లో తొమ్మిది చెయిన్ రంపాలు దాచుకున్న మనిషి గురించి జనం ఏమనుకుంటారో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు. ఎర్రచందనం అంటారు. మునిశేఖర్ కరకంబాడి రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతాడు. చెట్టు సంగతి అలా ఉంచండి, కరివేపాకు రెబ్బ తుంచాలన్నా పక్కింటివాళ్ళను రెండుసార్లు అడిగే మనిషి. అతని పిచ్చల్లా పాత రంపాల మీద. ఎప్పుడో అరవైల్లో, డెబ్బైల్లో కట్టెల కాంట్రాక్టర్లు విదేశాల నుంచి తెప్పించుకుని, పాడయ్యాక పాత ఇనుము కొట్లో పడేసినవాటిని ఏరుకొచ్చి ఏళ్ళ తరబడి బాగుచేస్తాడు. ప్రతిదానికీ కొట్టువాడిచ్చిన చీటీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. అయినా భయమే.

ఆ భయానికి కారణం పేపర్లో వచ్చే ఫోటో. వెనక అధికారులు నిలబడి ఉంటారు. ముందు దుంగలు పేర్చి ఉంటాయి. దుంగల పక్కన రంపాలు, రంపాల వెనక చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని గొంతుకు కూర్చున్న మనుషులు. అలాంటి ఫోటో వచ్చిన ప్రతిసారీ మునిశేఖర్ కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తాడు. ఆ వరసలో తన చోటు ఎడమ నుంచి మూడోది అని ఎప్పుడో తేల్చుకున్నాడు. తనను తీసుకుపోతే పోనీ, రంపాలను తీసుకుపోయి వానలో పడేస్తారేమోనన్నది అంతకంటే పెద్ద దిగులు. ముఖ్యంగా ఆ పసుపురంగు కెనడా రంపం. దానికి ఊపిరి పోయడానికి అతనికి ఆరేళ్ళు పట్టింది.

నగరి నుంచి మునస్వామి ఏడింటికే దిగాడు. పవర్‌లూములు బాగుచేసే మెకానిక్కు, కంగారు మనిషి. చిత్తూరు నుంచి ఏబెల్ వచ్చాడు. చర్చిలకు బెంచీలు చేసే వడ్రంగి, నెమ్మదస్తుడు. ఇద్దరూ చెరో రంపం సంచిలో చుట్టి తెచ్చారు. బొట్లు మీరు పెట్టుకోండి, నూనె నేను పెడతానని ఏబెల్ చొక్కా చేతులు మడిచాడు. మునస్వామి ఉత్సాహం కొద్దీ మూడు రంపాలకు అప్పుడే పెట్రోలు పోసేశాడు.

పదిహేనేళ్ళుగా ఆ రంపాలను తిట్టుకుంటూ వచ్చిన మునిశేఖర్ భార్య ఉదయలక్ష్మికి ఆ రోజు ఎందుకో వాటి మీద ప్రేమ పుట్టింది. షాపు బల్లలు మూడు తెచ్చి హాల్లో మెట్లుగా వేసి, పదకొండు రంపాలనూ వరసగా పెట్టి, బంతిపూల దండలు వేసింది. ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, హారతి ఇచ్చి, ఫోటో తీసి, “మా ఇంటి ఆయుధ పూజ” అని ఫోన్లో స్టేటస్ పెట్టేసింది.

గంట తర్వాత ఆమె చెల్లెలి వరసయ్యే నందిని ఫోన్ చేసింది. నందిని అటవీశాఖ ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేస్తుంది. ఉదయలక్ష్మి స్పీకరు నొక్కింది.

“అక్కా, ఆ ఫోటోలో రంపాలు మీ ఇంట్లోవేనా? మా రేంజర్ సారు నా ఫోన్లో సూసినాడు. పెద్దది చేసి చేసి సూసి, ఈ ఇల్లు యాడ అని అడిగినాడు. చెప్పినాను. పదకొండుకు వస్తాడంట.”

మునిశేఖర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. స్టేటస్ తీసేయించాడు. అప్పటికే అరవై నలుగురు చూశారు. గడియారం చూస్తే పది కావడానికి ఐదు నిమిషాలుంది. రంపాలన్నీ సంచుల్లో కుక్కి ఆటోలో వేసి ఎటైనా పంపేద్దామని మునస్వామి అప్పుడే ఒకదాని పిడి పట్టుకున్నాడు. ఉదయలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

“పూజలో పెట్టినాక రేపు పొద్దున మళ్ళా పూజ అయ్యేదాకా కదిలించగూడదు. కదిలిస్తే ఏడాదంతా చేతిపని సెడతాది.”

“వాళ్ళొచ్చి పట్టుకపోతే చేతికి పనేముంటాదే?” అన్నాడు మునిశేఖర్.

“నీకు ఆ సారంటే భయం. నాకు ఆ తల్లంటే భయం. ఎవురి భయం వాళ్ళది,” అని ఆమె తేల్చేసింది.

ఏబెల్ మెట్లకేసి చూసి గడ్డం గోక్కున్నాడు. “మెట్లు ఉండాయి గదబ్బా. కదిలించొద్దు, మీద చీర కప్పుదాం. నాలుగు బొమ్మలు పెడితే దసరా బొమ్మల కొలువే.” ఆ మాట వినగానే మునిశేఖర్‌కు అతని కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు, టైము లేదు.

ఉదయలక్ష్మి పెళ్ళి పట్టుచీర రంపాల మీదికి వచ్చింది. బొమ్మల కోసం ఆమె పక్కింటి నిర్మలమ్మ దగ్గరికి పరుగెత్తింది. నిర్మలమ్మ రిటైరైన టీచరు, కారణం తెలుసుకోకుండా దేన్నీ వదలదు. కొలువు మొదటిరోజు పెడతారు గాని, తొమ్మిదో రోజు పది గంటలకు పెట్టడమేమిటని అడిగింది. అబద్ధం ఆడి అలవాటు లేని ఉదయలక్ష్మి నోటికొచ్చింది చెప్పింది: “ఆయనకు మొక్కు ఉండాదక్కా.”

అంతే. తొమ్మిదో రోజు కొలువు పెట్టించేంత మొక్కంటే మామూలు మొక్కు కాదని నిర్మలమ్మ ఆలోచించింది. బొమ్మల పెట్టె ఇచ్చి పంపి, ఎదురింటికి వెళ్ళింది.

ఇక్కడ బొమ్మలు నిలబడనంటున్నాయి. చీర కింద పిడులూ ట్యాంకులూ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మత్స్యావతారం నుంచి కల్కి దాకా పదిమందీ ఒకే పక్కకు ఒరిగి నిలబడ్డారు. దుకాణం పెట్టుకున్న మట్టి చెట్టియారు దంపతులు ఒక రంపం చెయిను గట్టు మీద జారుడుబండ ఎక్కినట్టు కూర్చున్నారు. ఏబెల్ అట్టముక్కలు మడిచి దేవుళ్ళ కాళ్ళ కింద ఓపికగా ఆపులు పెట్టాడు.

పదిన్నరకు ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఒకరి వెనక ఒకరు ఎనిమిదిమంది, పసుపు కుంకుమలతో, గుగ్గిళ్ళ గిన్నెలతో, జాలి నిండిన ముఖాలతో. వాళ్ళకు మునిశేఖర్ ఎలా కనిపించాడో చెప్పనక్కర్లేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నిమిషానికోసారి వాకిలి చూస్తున్నాడు. ఏ ఆస్పత్రిలో చూపిస్తున్నారని ఒకామె ఉదయలక్ష్మిని గుసగుసగా అడిగింది. ఈ దశలో దాచిపెట్టడం మంచిది కాదని ఇంకొకామె నచ్చజెప్పింది. మునస్వామిని, ఏబెల్‌ను ఆఖరి చూపుకు వచ్చిన చుట్టాలనుకున్నారు.

అంతలో మునిశేఖర్ ముక్కుకు పెట్రోలు వాసన తగిలింది. కింది మెట్టు మీది రంపం ట్యాంకు కారుతోంది. పట్టుచీర అంచు తడిసి, నేల మీద రూపాయంత మడుగు కట్టింది. సరిగ్గా అప్పుడే నిర్మలమ్మ, ఆ మనిషి ఆయుష్షు కోసమని, పెద్ద కుందిలో దీపం వెలిగించి తెచ్చి ఆ మెట్టు ముందే పెట్టబోయింది.

మునిశేఖర్ జీవితంలో ఎప్పుడూ అంత దూరం ఎగరలేదు. ఒక్క గెంతులో వెళ్ళి దీపాన్ని ఉఫ్‌మని ఊదేశాడు.

నవమి నాడు, కొలువు ముందు, ఇంటి యజమాని దీపం ఆర్పేశాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిర్మలమ్మ ఉదయలక్ష్మిని పక్కకు తీసుకెళ్ళి, ఆమె భుజం నిమిరి, “తలకెక్కినట్టుండాది, ధైర్యంగా ఉండు,” అంది. ఉదయలక్ష్మికి ఏడుపొచ్చింది. అది నిజం ఏడుపే, పట్టుచీర కోసం.

బయట జీపు ఆగింది.

దానికి కూడా ఆయుధ పూజ చేసినట్టున్నారు. ముందు అరటి పిలకలు, అద్దానికి బంతిపూల దండ, చక్రాలకు పసుపు. ఇంత ముస్తాబై వచ్చిన గండాన్ని మునిశేఖర్ ఎక్కడా చూడలేదు. రేంజర్ నారాయణ దిగాడు. వెనకే నందిని దిగింది. డ్రైవరు ఒక గోనెసంచి మోసుకొచ్చి హాల్లో దింపాడు. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఎవరో రేంజర్ చేతిలో గుగ్గిళ్ళు పెట్టారు. ఆయన నములుతూ కొలువు చూసి బాగుందన్నాడు, బొమ్మలు కొంచెం ఒరిగాయన్నాడు, ఆ తర్వాత మునిశేఖర్ వైపు తిరిగాడు.

“మీ ఇంట్లో పాత రంపాలుండాయని ఫోటోలో సూసినాను. యాడ అవి?”

“రంపాలా సార్?” అన్నాడు మునిశేఖర్. “రంపమంటే ఎట్టుంటాదో కూడా నాకు తెలీదు సార్. ఆ ఫోటో నెట్‌లోది.”

నందిని నోరు తెరిచి అక్కను చూసింది. అక్క నేలను చూసింది. రేంజర్ ముఖం చిన్నబోయింది. గోనెసంచి మూతి విప్పి ఒక రంపాన్ని బయటికి లాగాడు. బూజు, తుప్పు, ఎండిన మట్టి. పాత బంగళా అటక మీద దొరికిందని, శాఖదే గానీ చిట్టాలో ఏ వివరమూ లేదని చెప్పాడు.

మునిశేఖర్ కళ్ళు దాని మీద పడ్డాయి. పడి, అక్కడే ఉండిపోయాయి. బొటనవేలి కింద నొక్కే ఇత్తడి నూనె గుండీ. పక్కన గుమ్మడికాయలాంటి గేరు పెట్టె. ఇరవై ఏళ్ళుగా చిత్రాల్లో తప్ప చూడని ముఖం. వాకిలి వైపు చూడడం మరిచిపోయాడు.

“మా డ్రైవరు ఇది జపాన్‌ది, డెబ్బై అయిదు మోడలంటాడు,” అన్నాడు రేంజర్.

“జపానే సార్, నూటికి నూరు జపాన్,” అన్నాడు మునస్వామి. ఆ క్షణంలో రేంజర్ దాన్ని చపాతీ కర్ర అన్నా మునస్వామి ఒప్పుకునేవాడు. కానీ ఆ మాట మునిశేఖర్‌ను చెంపదెబ్బ కంటే గట్టిగా తాకింది. రేంజరంటే తెలియక అన్నాడు, పదేళ్ళు కలిసి రంపాలు పోల్చినవాడు ఈ మాట అనొచ్చా? పెదవి కొరుక్కున్నాడు. ఏబెల్ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

“ఇంగ తెలిసినోళ్ళే లేరంటే ఏం చేస్తాము,” అని రేంజర్ చేతులు దులుపుకున్నాడు. “ఎల్లుండి తుక్కులో వేసేయమంటాను.”

మునిశేఖర్ లోపల ఏదో పుటుక్కుమంది.

“జపానా? కళ్ళుండాయా సార్ మీ డ్రైవరుకు?” అన్నాడు. ఎనిమిదిమంది ఆడవాళ్ళూ ఉలిక్కిపడ్డారు. “ఆ నూనె గుండీ సూడండి. ఆ గేరు పెట్టె సూడండి. కెనడాది సార్ ఇది. దీని పుట్టుక అరవయ్యో సంవత్సరం దాటదు. తుక్కులో ఎట్ట వేస్తారు? దీని తమ్ముడు ఈడే ఉండాడు, పోల్చి సూపిస్తా.”

అని, ఎవరూ ఆపేలోపు, పట్టుచీర కొంగు పట్టి లాగాడు. దశావతారాలు అట్టముక్కలతో, గుగ్గిళ్ళ గిన్నెతో సహా దొర్లాయి. చెట్టియారు దంపతులు రేంజర్ కాళ్ళ దగ్గర ఆగారు. బంతిపూల దండల్లో, నొసటన కుంకుమ బొట్లతో, పదకొండు రంపాలు బయటపడ్డాయి.

మునిశేఖర్‌కు చేసిన పని అప్పుడు అర్థమైంది. రంపాల వెనక్కి వెళ్ళి, గొంతుకు కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే మునస్వామి వచ్చి ఒక పక్క అలాగే కూర్చున్నాడు. ఏబెల్ ఇంకో పక్క కూర్చున్నాడు.

“ఎందుకప్పా కింద కూసున్నారు?” అన్నాడు రేంజర్.

“ఫోటోకి సార్,” అన్నాడు మునిశేఖర్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చీటీలన్నీ ఉండాయి సార్. ఒక్క కొమ్మ కోసింది లేదు. నన్నేమన్నా చెయ్యండి. వాటిని మాత్రం వానలో పెట్టొద్దు.”

నారాయణ రంపాలను, ముగ్గురు మనుషులను, ఒలికిన గుగ్గిళ్ళను చూశాడు. చెట్టియారు దంపతులను ఏరి బల్ల మీద పెట్టి, మునిశేఖర్ ఎదురుగా తనూ గొంతుకు కూర్చున్నాడు.

“పట్టుకపోయేదానికి రాలేదప్పా. మా స్టోరులో కేసుల్లో పట్టుకున్నవి రెండొందలు పైగా ఉండాయి. అన్నిటికీ ‘రంపం, ఒకటి’ అనే రాసినాము. ఏది యాడిది, ఏ ఏటిదో విడివిడిగా రాసిమ్మని కోర్టు అడగతా ఉండాది. ఆరునెలలుగా తెలిసినోడి కోసం తిరగతా ఉండాను. మీ ఫోటో సూసినాక ప్రాణం లేచొచ్చింది.”

ఆ మాట మునిశేఖర్ తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక అతను మొదట చేసిన పని, బంగళా రంపాన్ని ఒళ్ళోకి తీసుకుని చొక్కా అంచుతో నూనె గుండీ తుడవడం. దాన్ని తుక్కులో వేయనివ్వనని రేంజర్ మాటిచ్చాడు. జబ్బు లేదని తెలిసి ఆడవాళ్ళు కొంత ఊరట, కొంత నిరాశ చెంది ఇళ్ళకు వెళ్ళారు.

దసరా సెలవులు అయ్యాక మునిశేఖర్ అటవీశాఖ ఆఫీసు గేటు దాటాడు. దాటేటప్పుడు చీటీల కవరు గట్టిగా పట్టుకున్నాడు. స్టోరు తలుపు తీశాక దాన్ని ఎక్కడో పెట్టేసి మరిచిపోయాడు. నేల నుంచి కప్పు దాకా రంపాలు. కుర్చీ వేసుకుని మొదటిదాన్ని విప్పాడు. సాయంత్రానికి మూడు చూశాడు, వారానికి పదిహేను. ఆ తర్వాత ఒక కొత్త భయం పట్టుకుంది. ఈ కేసులన్నీ తేలిపోతే మిగిలినవి చూడకుండానే ఎత్తుకుపోతారేమో. నిద్ర పట్టక, ఆ సంగతి కోర్టు గుమస్తా మునీంద్రను అడిగేశాడు.

కేసులు తేలిపోతాయన్న భయం మాత్రం పెట్టుకోవద్దని, మీ మనవళ్ళు కూడా వచ్చి చూసుకోవచ్చని ఆయన ధైర్యం చెప్పాడు.