మేస్త్రి కట్టిన గంట

వడ్రంగి మేస్త్రి ఆ ఉదయం షెడ్డు మధ్యలో ఇత్తడి గంట వేలాడదీసి, తన ముగ్గురు పనివాళ్లనూ పిలిచాడు. చిన్న మేకు కొట్టాలన్నా అందరూ తననే అడుగుతుంటే ఆయనకు ప్రాణం విసిగిపోయింది.

"ఇవాళ్టి నుంచి పెత్తనం మనందరిదీ. తప్పు కనబడితే ఎవరైనా సరే గంట కొట్టండి. పని ఆగిపోవాలి, నా పనైనా సరే!"

అందరూ చప్పట్లు కొట్టారు. చేతిలో ఉన్నది లైబ్రరీ వాళ్ల బల్ల, పన్నెండు మంది చుట్టూ కూర్చునేంత పెద్దది, గుండ్రటిది. రెండు సగాలకీ పాలిష్ పెట్టి అతికించాలి. నాలుగింటికల్లా చేరిస్తే అరలూ కుర్చీలూ చేసే పని కూడా వీళ్లకే, లేకపోతే పక్క వీధి దుకాణానికి.

మొదటి గంట పాలిష్ అతను కొట్టాడు. "రంపప్పొట్టంతా నా పాలిష్ మీదే పడుతోంది!"

రంపం ఆగింది. మేస్త్రి మురిసిపోయాడు. రెండో గంట రంపం పట్టిన బావమరిది కొట్టాడు. "బావా, ఈ పాలిష్ కంపుకి తల తిరుగుతోంది!"

పాలిష్ కూడా ఆగింది. ఇక ఇద్దరికీ పంతం వచ్చింది. టీ చల్లారిందని ఒకడు, రేడియో గోలగా ఉందని ఇంకొకడు. పదకొండయ్యేసరికి షెడ్డులో గంట తప్ప ఏదీ కదలడం లేదు. మేస్త్రికి ఒళ్లు మండి, ఎవరూ చూడకుండా గంట నాలుకకి తువ్వాలు చుట్టేశాడు. గంట తీసెయ్యలేదు కదా, మాట తప్పినట్టు కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

అప్పటిదాకా గంట జోలికి పోనిది షెడ్డు ఊడ్చే పిన్ని ఒక్కతే. మేస్త్రి జిగురు కలుపుతుంటే ఆవిడ జంకుతూ వచ్చి తాడు లాగింది. గంట "తుప్" అంది.

"మేస్త్రీ, ఆ బల్ల..."

"తర్వాత, పిన్నీ! ముందు అడ్డం లే!"

పిన్ని మొహం చిన్నబోయింది.

మూడుంబావుకి బల్ల తళతళలాడింది, వ్యానూ వచ్చింది. పడుకోబెట్టి తోశారు, నిలబెట్టి దొర్లించారు. బల్ల గుమ్మం దాటలేదు. మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి.

"అదే చెబుదామనుకున్నా," అంది పిన్ని. "నా బూజుకర్ర గుమ్మం ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది. బల్లకేమో మూరెడు చాలదు."

మేస్త్రి తలదించుకుని వెళ్లి తువ్వాలు విప్పాడు. "తప్పు నాది, పిన్నీ. ఇప్పుడు కొట్టు."

గంట ఖంగుమంది. దాంతోపాటు పిన్ని గొంతూ లేచింది.

"వెనక గోడ రేకులే కదా! పొట్టు తోసెయ్యడానికి కింది రేకు రోజూ నేనే విప్పుతా. పైవి మీరు విప్పండి. ఒరేయ్ పాలిషూ, నిచ్చెన పట్టుకో. అల్లుడూ, నువ్వెక్కు. మేస్త్రీ, నువ్వు సలహాలు మాని బల్ల పట్టుకో!"

పంతాలన్నీ నిచ్చెన కిందే ఉండిపోయాయి. రేకులు ఊడాయి. బల్ల దర్జాగా దొర్లుకుంటూ వీధిలోకి వచ్చింది. నలుగురూ పసిపిల్లల్లా కేకలు పెట్టారు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. లైబ్రరీ పై వీధిలోనే.

వ్యాను డ్రైవరు సంతకం కోసం కాగితం తీశాడు. "ఇక్కడ యజమాని ఎవరండీ?"

రెండు వేళ్లు ఒక్కసారే పిన్ని వైపు లేచాయి. మేస్త్రి వేలు మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా లేచింది.