తాటిదుంగ యజమానురాలు

పదిహేడో నంబరు ఇంటి ఉమాదేవిగారు పిట్టగోడ మీదుగా చెప్పినదాన్నిబట్టి, ఐకమత్య నగర్ మొగదల కల్వర్టు కూలింది ఇసుక లారీ వల్ల కాదట. సంఘం కార్యదర్శి కామేశ్వరరావుగారు దాని మీద నిలబడి అరగంట ప్రసంగించడం వల్లనట. కామేశ్వరరావుగారు ఈ నిందకు నొచ్చుకోలేదు. తాను మాట్లాడింది ఇరవై నిమిషాలేనని మినిట్స్ పుస్తకంలో నమోదు చేయించారు.

బందరు శివార్లలో నలభై రెండిళ్ళ కాలనీ అది. బయటికి రావాలన్నా లోపలికి వెళ్ళాలన్నా మురుగుకాలవ మీది ఆ కల్వర్టే దిక్కు. ముప్పై మూడేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన అనుభవంతో, కామేశ్వరరావుగారు ముందు అది ఎవరిదో తేల్చడానికి పూనుకున్నారు. మొదటి ఆఫీసు అది రెండో ఆఫీసుదంది. రెండోది మొదటిదంది. మూడో ఆఫీసు, కింద పారే నీళ్ళే తమవి గాని పైనున్న గాలితో తమకు సంబంధం లేదని రాతపూర్వకంగా తెలియజేసింది.

సంఘమే బాగుచేయించుకోవచ్చు కదా అని అమాయకులు అడగవచ్చు. ఐకమత్య నగర్‌లో అమాయకులు లేరు. ఉన్న ఒక్కడూ మోహన్. బ్యాంకు ఉద్యోగి. లోగడ వీధిదీపం మాడిపోతే, పోన్లే అని తన చేత్తో బల్బు మార్చాడు. ఆనాటి నుంచి ఏ దీపం మాడినా అతని కాలింగ్ బెల్లే మోగుతోంది. "ఏవయ్యా మోహన్, నీ దీపం వెలగట్లేదేం?" అని పెద్దలు మందలిస్తున్నారు కూడా. కనుక కల్వర్టు పెచ్చును కాలితోనైనా ఎవరూ తాకరాదని సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘ చరిత్రలో ఏకగ్రీవ తీర్మానం అదొక్కటే.

మూడు వారాలపాటు సభ్యులందరూ పంచెలూ చీరలూ ఎగగట్టి, చెప్పులు చేతబట్టి, ఎంతో క్రమశిక్షణతో మురుగులో దిగి దాటారు.

గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే తాతమ్మకు ఈ తీర్మానం సంగతి తెలియదు. ఒకరోజు తట్టతో సహా జారి, కిలో రొయ్యలు కాలవపాలు చేసింది. మర్నాడు కొడుకు పోతయ్య చేత ఆటోలో తాటిదుంగ తెప్పించి కాలవకు అడ్డంగా వేయించింది. దివిసీమలో చిన్నపిల్లలకైనా తట్టే ఉపాయమే. అంతంత చదువులు చదివినవాళ్ళకు తట్టలేదంటే అది చదువు గొప్పతనం.

అప్పుడే 'ఉత్తమ కాలనీ' పోటీ దరఖాస్తు వచ్చింది. కామేశ్వరరావుగారికి ఆ షీల్డు మీద ఎంత ఆశంటే, టీవీ పక్కన దానికి జాగా ఖాళీ చేసి, ఆ ఖాళీని రెండేళ్ళుగా రోజూ తుడుస్తున్నారు. అన్నీ నింపారు గాని ఏడో గడి దగ్గర కలం ఆగింది: 'ఉమ్మడి వంతెన నిర్వహణ బాధ్యులెవరు?' ఖాళీగా వదిలితే దరఖాస్తు చెల్లదు. తన పేరు రాసుకునేంత ఆశ ఆయనకు లేదు. మిగతా సభ్యుల్ని అడుగుదామంటే అందరికీ ఆ ఆదివారమే ఊళ్ళో పెళ్ళిళ్ళున్నాయి.

గుమ్మంలో దిగాలుగా నిలబడ్డ ఆయనకు, దుంగ మీదుగా నడిచొస్తున్న తాతమ్మ కనిపించింది.

సాయంత్రానికల్లా సభ ఏర్పాటైంది. పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళందరూ వచ్చారు. తాతమ్మకు శాలువా కప్పి, కామేశ్వరరావుగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ దుంగ తాతమ్మగారిది! దీని రంగులు, రెయిలింగు, జారిపడ్డవారి కట్లు, సమస్తం తాతమ్మగారి బాధ్యతేనని సగర్వంగా ప్రకటిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ఆ ప్రకటన రాసిన కాగితం మీద నలభై రెండిళ్ళవాళ్ళూ పోటీలుపడి సంతకాలు చేసి ఆమె చేతికిచ్చారు. పోతయ్య ఆ కాగితం చదివి వినిపించాడు. తాతమ్మ దాన్ని మడిచి రొంటిన దోపుకుని, శాలువా చేపలతట్ట మీద కప్పి వెళ్ళిపోయింది.

పరిశీలన రోజున కామేశ్వరరావుగారు ఇస్త్రీ పంచెలో, పూలదండతో ఇవతలి గట్టున నిలబడ్డారు. వెనకాల సభ్యులందరూ బారులుతీరారు. అవతలి గట్టున అధికారుల జీపు ఆగింది. దానికంటే ముందే వచ్చిన తల్లీకొడుకులు, దుంగకు తాడు కట్టి లాగి ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

"తాతమ్మా! ఏంటిది? షీల్డు పోతుందే! మేమెలా దాటాలి?" కామేశ్వరరావుగారు దండ ఊపుతూ అరిచారు.

జీపు దిగిన అధికారి కాలవలోకి తొంగిచూసి, "ఇంతకీ ఈ వంతెన ఎవరిదండీ?" అన్నాడు.

నలభై రెండు వేళ్ళు తాతమ్మ వైపు లేచాయి.

తాతమ్మ రొంటినున్న కాగితం తీసి అధికారి చేతిలో పెట్టింది.

"దుంగ నాదేనని అందరూ సంతకాలెట్టి ఇచ్చారు బాబూ. నాది నేను పట్టుకెళ్తన్నా. మిగిలిన గండి ఎవరిదో ఆళ్ళనడుగు."