పూలకు ఆమోదం

ముందుగా అనుమతి తీసుకోకుండా దారి పక్కన అందంగా ఉండటం ప్రకృతికున్న పెద్ద దురలవాటు. దాన్ని సరిదిద్దే భారం సింగపూర్‌లోని నాలుగు తెలుగు కుటుంబాలు భుజాన వేసుకున్నాయి. సెప్టెంబరు సెలవులకు పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లడానికి విహార పర్యవేక్షక సంఘం పెట్టుకున్నాయి. అధ్యక్షుడు విశ్వేశ్వరరావు. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. ఎక్సెల్ షీటులో లేనిదే ఆయనింట్లో కుక్కర్ కూడా విజిల్ వేయదు.

షీటు ప్రకారం ఇసుకలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలకు పద్నాలుగు నిమిషాలు (చూడటానికి రెండు, ఫొటోలకు పన్నెండు). గులాబీరంగు సరస్సుకు తొమ్మిది. సముద్రానికి ఏమీ ఇవ్వలేదు, అదెలాగూ కిటికీలోంచి కనపడుతుంది కదా అని. షీటులో లేని చోట వ్యాను ఆగాలంటే ఫారం పెట్టాలి, నలుగురు ఇంటిపెద్దలూ ఆమోదించాలి.

ఆయన భార్య లలితకుమారి కోరింది ఒక్కటే. ఏటా అక్కడి ఎర్రనేలల్లో వాటంతటవే పూసే పూల మధ్య కాసేపు కూర్చోవాలని. పదకొండేళ్లుగా జురాంగ్ ఈస్ట్ ఫ్లాట్‌లో ఫ్రిజ్ మీద ఆ పూల బొమ్మ అంటించుకుని ఎదురుచూస్తోంది పాపం. షీటులో పూల ఊసే లేదు. టికెట్టు లేనిది చూడదగ్గది ఎలా అవుతుందని ఆయనగారి సందేహం.

మూడోరోజు పొద్దున పదింటికి ఆ పూలు రానే వచ్చాయి. రోడ్డుకు రెండు వైపులా, తెలుపూ గులాబీ, కనుచూపు మేరా అవే. లలితకుమారి కిటికీ అద్దం దించింది.

"ఏవండీ, ఒక్క ఐదు నిమిషాలు ఆపండి."

"ఫారం పెట్టు," అన్నాడు విశ్వేశ్వరరావు స్టీరింగ్ వదలకుండా.

"పక్కనే కూర్చుని నోటితో అడుగుతున్నాగా."

"నోటిమాటకి రికార్డేదీ? ఇవాళ నువ్వు పువ్వంటావ్, రేపు ఇంకొకరు కాయంటారు."

ఆమె ఫోన్‌లో ఫారం తెరిచింది. కారణం అన్న గడిలో 'చూడాలని ఉంది' అని రాస్తే 'సరైన కారణం రాయండి' అంది యాప్. 'ఆరోగ్యం' అని రాస్తే నోరు మూసుకుని తీసుకుంది. మిగతా ముగ్గురు ఇంటిపెద్దలూ వెనక సీట్లలో నిద్రలో ఉన్నారు (నిద్రకు షీటులో రోజుకు రెండు గంటలు). వాళ్లలో మహీధర్‌ని తట్టి లేపింది.

"నాకేం అభ్యంతరం లేదు వదినా. కానీ అప్రూవల్ యాప్‌లోనే నొక్కాలి కదా, ఇక్కడ సిగ్నల్ లేదు," అని అటు తిరిగి పడుకున్నాడు.

సిగ్నల్ వచ్చిన చోట పెట్రోలు బంకు ఉంది, పూలు లేవు.

తిరిగొచ్చిన పదిహేను రోజులకు సంఘం పెండింగు ఫైళ్లు సమీక్షించింది. లలితకుమారి పప్పుకు తాలింపు వేస్తుండగా ఫోన్ మోగింది. ఐదు నిమిషాలు, ఏకగ్రీవంగా మంజూరు. ఫొటో జతచేస్తేనే ఫైలు మూతపడుతుంది.

ఆ సాయంత్రమే విశ్వేశ్వరరావు ఆమెను దగ్గర్లోని మాల్‌కు తీసుకెళ్లాడు. ఎస్కలేటర్ పక్కన అలంకరణకు పెట్టిన ప్లాస్టిక్ పూల మధ్య కూర్చోబెట్టి ఫొటో తీశాడు, షీటులో ఆ గడిని ఆకుపచ్చ చేశాడు. ఆమె లేవబోతే భుజం పట్టుకుని ఆపాడు.

"ఇంకా రెండు నిమిషాలుంది, కూర్చో. తర్వాత మళ్లీ సరిగ్గా చూడనివ్వలేదంటావ్."