తడి చూసే చెయ్యి

ఆ పొద్దున మద్దయ్య చేయాల్సిన పని ఒక్కటే. గోనె ఎత్తి, మట్టిపొడిని అచ్చులో పోసి, చేతిమిషను తిప్పి పది నేలబిళ్లలు నొక్కాలి. అవి ఓవర్సీరుకు నచ్చితే కొత్త ఆసుపత్రి నేలంతా ఆదోని బిళ్లలే. నచ్చకపోతే షెడ్డు మూసేస్తానని యజమాని నారాయణస్వామి తెగేసి చెప్పాడు. అప్పుడు మద్దయ్యకు ఎమ్మిగనూరే గతి. అక్కడ అత్త సిద్దమ్మ ఇంట్లో ఇల్లరికపు అల్లుడిగా మగ్గం గుంతలో కూర్చుని, పోగు తెగినప్పుడల్లా ఆమెతో చివాట్లు తినలేక ఆర్నెల్ల కిందటే భార్యతో పారిపోయి వచ్చాడు.

పొడికి తడి ఎంత ఉండాలో అతనికి తెలుసు. పిడికిట పడితే వేళ్ల గుర్తులు నిలవాలి, విరిస్తే రెండు ముక్కలే కావాలి. నిన్ననే అలా తడిపి, తడిగోనె కప్పి ఉంచాడు. ఇక నిశ్చింతగా ఓవర్సీరును తీసుకురావడానికి బస్సు దగ్గరికి వెళ్లాడు.

తిరిగొచ్చి మిషను తిప్పితే మట్టి అచ్చుకు అంటుకుపోయి ఊడి రానంది. మద్దయ్య పొడిలో చెయ్యి పెట్టి చూశాడు.

"దీంట్లో నీళ్లు పోసిందెవరు?"

"గోనె ఎండిందని చెంబెడు సల్లినా," అంది భార్య హనుమక్క. "మగ్గం కాడ తడి లేకుంటే పోగు తెగుతాది కదప్పా!"

"నేనూ ఒక చెంబు సల్లినా," అంది కూతుర్ని చూడ్డానికి నిన్ననే బస్సు దిగిన సిద్దమ్మ.

నారాయణస్వామి దగ్గాడు. ఆయనదీ నేత ఇల్లే. "ఊరికే నిలబడేదెందుకని నేనూ ఇంత..."

ఓవర్సీరుకు టీ మీద టీ పోయిస్తూ, మద్దయ్య సగం పొడిని రేకు మీద ఎండలో పరిచాడు. ఆదోని ఎండ మొహమాటపడలేదు. ఈసారి బిళ్ల ఉల్లిపాయలా పొరలు పొరలుగా లేచింది, మూలలు పొడి పొడిగా రాలాయి. ఓవర్సీరు గడియారం చూసుకున్నాడు.

"అయిపాయ అత్తా. మళ్లా నీ గుంతలోకే వస్తాండా," అన్నాడు మద్దయ్య ఏడుపు గొంతుతో.

"పక్కకు జరుగప్పా." సిద్దమ్మ కొంగు దోపింది. ఎండిన పొడినీ తడిసిన పొడినీ ఒకటి చేసి, రెండు చేతులా నలిపి, జల్లెడ పట్టి, నిన్న అల్లుడు చేయగా చూసినట్టే పిడికిట పట్టి విరిచింది. సరిగ్గా రెండు ముక్కలు. "ఇప్పుడు తిప్పు."

పది బిళ్లలూ అంచు చెదరకుండా వచ్చాయి. మద్దయ్య సంతోషం పట్టలేక అత్త కాళ్లకు దండం పెట్టాడు.

"ఆసుపత్రికి ఇవే," అన్నాడు ఓవర్సీరు. "ఒక్కటే షరతు. తడి చూసేది ఈ పెద్దమ్మే అయ్యుండాలి."

"దానికేమి సార్, ఆయమ్మ ఇంగ ఈడనే ఉంటాది," అన్నాడు నారాయణస్వామి, మద్దయ్య వైపు చూడకుండా.

ఎమ్మిగనూరు ఇంటికి తాళం పడింది, చివాట్లు ఆదోనికి బదిలీ అయ్యాయి.