వీడ్కోలు సంఘం వారి కెమెరా

శాంతినగర్ కాలనీ వీడ్కోలు సంఘం వారు ఒక డిజిటల్ కెమెరా కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించి, చప్పట్లు కొట్టి, టీ గ్లాసులు కింద పెట్టేలోపు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఏకగ్రీవం అంతసేపు నిలవడం ఆ సంఘం చరిత్రలో అదే మొదటిసారి.

బందరులో కోర్టులున్నాయి, కాలేజీలున్నాయి, లెక్కలేనన్ని ఆఫీసులున్నాయి. కాబట్టి బదిలీలూ రిటైర్మెంట్లూ ఉన్నాయి. కాలనీ వదిలి ఎవరు వెళ్ళినా వాళ్లని మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పి, చుట్టూ అందరూ చేరి గ్రూప్ ఫోటో దిగడం, దాన్ని పటం కట్టించి కమ్యూనిటీ హాల్లో తగిలించడం శాంతినగర్ ఆనవాయితీ. ఉన్నన్నాళ్లూ ఆ మనిషిని పలకరించని వాళ్లు కూడా ఆ పూట ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తారు. వెళ్ళిపోయేవాళ్ల మీద ఆ కాలనీకి అంత ప్రేమ. ఉండేవాళ్లు కూడా అంత ప్రేమ కావాలంటే కుదరదు.

పూర్వం ఫోటో తీయడానికి స్టూడియో నుంచి మనిషి వచ్చేవాడు. కిందటిసారి తీసిన ఫోటోలో సంఘం అధ్యక్షులు శోభనాద్రిగారి ఎడమ చెవి పడలేదు. అధ్యక్ష పదవికి రెండు చెవులూ అవసరమని భావించిన సంఘం, ఇకమీదట శాంతినగర్ వాసులెవరూ ఆ స్టూడియో గుమ్మం తొక్కరాదనీ, సొంతంగా కెమెరా కొనుక్కోవాలనీ నిర్ణయించింది. ఇంతవరకూ పేచీ లేదు.

కార్యదర్శి కాంతారావుగారు జేబులో పట్టే చిన్న కెమెరా కొందామన్నారు. శోభనాద్రిగారు లేచి నిలబడ్డారు.

"జేబులో పడుతుంది, బాగానే ఉంది. ఎవరి జేబులో అని అడుగుతున్నాను! సంఘం ఆస్తి ఒక వ్యక్తి జేబులో ఉండటం ఏ రకం ప్రజాస్వామ్యం? అదే పెద్ద కెమెరా కొన్నామనుకోండి. డీఎస్సెల్లార్ అంటారు దాన్ని. ఎవరి జేబులోనూ పట్టదు. ప్రజల సొత్తు ప్రజలకే ఉంటుంది!"

ఆ మాటకి సగం మంది చప్పట్లు కొట్టారు. కాంతారావుగారు మొహం ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి, రెండు జేబుల చొక్కాలు కుట్టించుకోవడం ఆ వారమే మొదలుపెట్టారు.

ఆ వివాదమంతా ఎవరి ఫోటో కోసమో ఆయన భార్య రత్నకుమారికి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వెళ్ళిపోతున్నది పక్కింటి కృపావతి టీచరు. ఒరిస్సాలోని జైపూరులో ఒంటరిగా ఉంటున్న అక్కకి చూపు మందగించిందని, ఇల్లు ఖాళీ చేసి అక్కడికే వెళ్ళిపోతోంది. ఇక రాదు.

రత్నకుమారికి మనుషులు వెళ్ళడం పడదు. కాంతారావుగారు పామర్రు దాకా వెళ్ళొస్తానన్నా, కాశీకి సాగనంపుతున్నట్టు గేటు పట్టుకుని నిలబడుతుంది. దివిసీమలో పెరిగిన మనిషి. వెనక ఉప్పెనలో పోయిన పిన్ని కూతురు మొహం గుర్తు చేసుకోబోతే, పాపిట దగ్గర మొదలై ముక్కుపుడక దాకా వచ్చి ఆగిపోతుంది. ఒక్క ఫోటో కూడా లేదు. అందుకని, కృపావతి టీచరు మొహం గెడ్డం దాకా ఉండేలా ఒక్క ఫోటో ఉంటే చాలనుకుంది. స్టూడియోకి వెళ్ళి దిగొద్దామంటే, బహిష్కరించిన గుమ్మాన్ని కార్యదర్శిగారి భార్యే తొక్కితే సంఘం కూలిపోతుందని భర్త చెప్పారు.

"అయితే ఏదో ఒకటి కొనండి మహాప్రభో, ఆవిడ రైలెక్కేలోపు!"

"తొందరపడితే కుదరదే. అధ్యయనం చెయ్యాలి."

అధ్యయనం చెయ్యడానికి సంఘం ఒక జీపు మాట్లాడుకుంది. చిన్న కెమెరాను పరిశీలించడానికి గుడివాడ, పెద్ద కెమెరాను పరిశీలించడానికి అవనిగడ్డలో ఒక పెళ్లి. సభ్యులు సమర్పించిన నివేదిక సమగ్రమైనది. అందులో పామర్రులో తిన్న పెసరట్టు గురించి ఒక పేజీ, అవనిగడ్డ పెళ్లిలో వడ్డించిన గోంగూర రొయ్యల గురించి రెండు పేజీలు ఉన్నాయి. కెమెరాల గురించి చివరన ఇలా ఉంది: "చిన్న కెమెరా కళ్లజోడుతో సహా జేబులో ఇమిడినది. పెద్ద కెమెరా పట్టుకున్న వ్యక్తికి పెళ్లివారు కుర్చీ వేసి కూల్‌డ్రింకు ఇచ్చినారు. రెండును మంచివే."

నివేదికను పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. ఈలోగా కృపావతి టీచరు ప్రయాణం దగ్గరపడింది. సంఘం పెద్దలు ఆమె ఇంటికి వెళ్ళి, కెమెరా తేలనందువల్ల వీడ్కోలు సాధ్యపడదనీ, కాబట్టి దయచేసి వెళ్ళవద్దనీ అధికారికంగా కోరారు. పిల్లలకి ఎక్కాలు నేర్పి నేర్పి ఓపిక బాగా అలవాటైన మనిషి. టికెట్టు వెనక్కిచ్చేసింది.

ఆ సాయంత్రం రత్నకుమారికి ఒక సంగతి తట్టింది. కెమెరా తేలనన్నాళ్లూ టీచరు వెళ్ళదు.

అప్పటినుంచి ఆమెకు కెమెరాల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. బడి మొహం సరిగా చూడకపోయినా, పొట్లాం కాగితాలతో సహా అచ్చులో ఏది కనిపించినా చదివి వదిలే మనిషి. గుడివాడ నుంచి తెచ్చిన కరపత్రాలు రెండూ పోపులపెట్టె పక్కన పెట్టుకుని చదివింది. కాంతారావుగారు మెత్తబడి, "పోనీలేవే, పెద్దదే కొననిద్దాం" అన్న రోజున, అన్నంలో నెయ్యి వేస్తూ అంది:

"మీ ఇష్టం. కాకపోతే చిన్నదాంట్లో ఏడు మెగాపిక్సెళ్లట. అంత లావు పెద్దదాంట్లో ఆరేనట."

కాంతారావుగారు ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశారు. చేతికి ఎంగిలి ఉండగానే శోభనాద్రిగారికి ఫోన్ చేశారు. మర్నాటి అత్యవసర సమావేశంలో మెగాపిక్సెల్ అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. అది ఎకరానికి పండే బస్తాల్లాంటిదని అందరూ ఎవరికి వారు గ్రహించారు. అంత పొలంలో ఆరే పండటం, సెంటు భూమిలో ఏడు పండటం చూసి పెద్ద కెమెరా వర్గం కాసేపు తల దించుకుంది. కానీ శోభనాద్రిగారు ఊరికే అధ్యక్షులు కాలేదు.

"ఏడే! కాదనను. కానీ ఏమిటా ఏడు? ముతక రకం! ఇవి ఆరయినా సన్నాలు. అన్నం వండి చూడండి, తెలుస్తుంది!"

సభ దద్దరిల్లింది. కెమెరాతో అన్నం ఎలా వండుతారని అడిగిన ఒక కొత్త సభ్యుణ్ణి బయటికి పంపించారు. కృపావతి టీచరు రెండోసారి టికెట్టు వెనక్కిచ్చింది.

గొడవ చల్లారబోయినప్పుడల్లా రత్నకుమారి ఒక పుల్ల వేసేది. పెద్దదానికి బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో అని భర్త దగ్గర అనుమానపడేది. చిన్నదాన్ని గిలకలదిండి చేపల రేవుకి తీసుకెళ్తే జేబులో ఎండుచేపల వాసన పట్టదా అని శోభనాద్రిగారి భార్య సరళ దగ్గర ఆందోళనపడేది. ఆ రెండు ప్రశ్నలూ రెండు సమావేశాలకు ఎజెండా అయ్యాయి. ప్రజాజీవితంలో ఇంత ప్రభావం చూపిన మనిషి ఆ కాలనీలో అంతకుముందు లేరు. గోడవారన కూర్చుని టీచరుతో కలిసి చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది.

ఒకరోజు ఆ చిక్కుడుకాయల దగ్గరే కృపావతి టీచరు తలెత్తకుండా అడిగింది.

"వదినగారూ, అన్నయ్యగారికి మెగాపిక్సెళ్ల సంగతి ఎవరు చెప్పుంటారంటారు?"

"ఏమో టీచరుగారూ, పేపర్లో పడిందేమో."

"పడే ఉంటుంది. ఎండుచేపల వాసన కూడా పేపర్లోనే పడుంటుంది."

రత్నకుమారి చిక్కుడుకాయ ఈనె తీస్తూనే ఉంది. ఈనె ఎప్పుడో అయిపోయింది.

"మా అక్క రోజూ ఫోన్ చేసి, 'బయల్దేరావా' అని అడుగుతోంది వదినా. చూపు ఆనక కాఫీలో ఉప్పేసుకుంటోందట. రెండుసార్లు నవ్వి ఊరుకుంది. మూడోసారి నవ్వలేదు."

రత్నకుమారి చేటలో గింజలు ఒకవైపుకి నెట్టి, "ఈ ఆదివారానికి తేల్చేస్తాను. మీరు టికెట్టు తీసుకోండి" అంది.

తేల్చడం ఆమెకు చిటికెలో పని. భర్తతో, "పెద్ద కెమెరాకి భుజాన తగిలించుకునే సంచీ ఉంటుందట. నల్లటిది. కార్యదర్శే తగిలించుకోవాలట" అంది. కాంతారావుగారు సిద్ధాంతాల కోసం బతికే మనిషి. ఆ సాయంత్రమే పెద్ద కెమెరా వర్గంలో చేరిపోయారు. అది విని శోభనాద్రిగారు వెంటనే చిన్న కెమెరా వర్గంలోకి వెళ్ళిపోయారు. రత్నకుమారి నెత్తి కొట్టుకుని సరళ దగ్గరికి పరుగెత్తింది.

"రిబ్బను కత్తిరించేది అన్నయ్యగారే కదమ్మా. ఆ అగ్గిపెట్టెంత డబ్బాకి రిబ్బను ఎక్కడ కడతారు?"

శోభనాద్రిగారు రాత్రికి రాత్రి తిరిగి వచ్చేశారు. పెద్ద కెమెరా ఏకగ్రీవంగా గెలిచింది.

ఆదివారం ఉదయం కెమెరాను బల్లమీద పెట్టారు. రిబ్బను కత్తిరించారు. పాస్టరుగారు ఊళ్ళో లేనందున సంఘం సభ్యులు మోషేగారే ప్రార్థన చేశారు. తర్వాత పూజ. కొత్త స్కూటరుకీ కొత్త ఫ్రిజ్జుకీ బొట్టు పెట్టినవాళ్లు కెమెరాకి పెట్టకుండా ఉంటారా? ముత్తయిదువ, పైగా కార్యదర్శి భార్య కాబట్టి రత్నకుమారిని పిలిచారు. స్కూటరుకైతే లైటు పైన, ఫ్రిజ్జుకైతే తలుపు మీద. కెమెరాకి ఎక్కడ? మొహానికే కదా బొట్టు పెట్టేది, ముందున్న గుండ్రటి అద్దమే దాని మొహమని పెద్దలు తేల్చారు. ఆమె మూత తీయించి, తడిపిన కుంకుమ వేలితో తీసి, టీచరు ప్రయాణం క్షేమంగా సాగాలని మనసులో దండం పెట్టుకుంటూ, అద్దం నడిమధ్యన నిండుగా దిద్దింది. "లక్ష్మీకళ వచ్చింది" అన్నారు శోభనాద్రిగారు.

ఫోటో తీసేవాడు ఫోటోలో ఉండడు గనుక ఆ త్యాగానికి ఎవరూ ముందుకు రాలేదు. "నా మొహం నాకు తెలుసులెండి" అని మోషేగారే ఒప్పుకున్నారు. బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. కన్నంలోంచి చూస్తే మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తుందనీ, ఆ ఎర్రటిదాన్ని ముఖ్యమైన మనిషి మొహంమీద పెట్టి నొక్కాలనీ కెమెరా అమ్మిన కొట్టువాడు చెప్పాడు. మోషేగారు చూశారు. మధ్యలో నిజంగానే ఎర్రగా కనిపించింది. దాన్ని శ్రద్ధగా తీసుకెళ్ళి కృపావతి టీచరు మొహంమీద పెట్టి నొక్కారు.

తీసిన ఫోటో కెమెరా వెనక చిన్న అద్దంలో కనిపించగానే అందరూ మూగారు. శోభనాద్రిగారు చూసి, "చెవులు రెండూ ఉన్నాయి" అన్నారు. కాంతారావుగారు చూసి తృప్తిగా తలూపారు. కెమెరా మోషేగారి చేతిలో ఉన్నా, ఖాళీ సంచీ భుజాన బాగానే పడింది. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. అందరికీ నచ్చింది. రత్నకుమారి వంతు వచ్చింది. ఆమె కూడా చూసింది.

ఆమె వెనకే నిలబడ్డ కృపావతి టీచరు అడిగింది. "నేనెలా ఉన్నాను వదినగారూ?"

"చాలా బాగున్నారు టీచరుగారూ."

సాయంత్రం విశాఖ బండికి సాగనంపడానికి కాలనీ అంతా వచ్చింది. రైలు కదిలినప్పుడు రత్నకుమారి ఏడవలేదు. జీవితంలో మొదటిసారి. ఫోటో ఉందిగా.

పటం విజయవాడలో కట్టించి తెచ్చారు. కాగితం విప్పారు. వరసగా అందరూ కళకళలాడుతూ ఉన్నారు. మధ్య కుర్చీలో శాలువా ఉంది, దండ ఉంది. దండ పైన, మొహం ఉండాల్సిన చోట, ఎర్రటి మసక ఉంది.

హాల్లో అందరూ అధ్యక్షుల వైపు చూశారు. శోభనాద్రిగారు గొంతు సవరించుకున్నారు.

"గురువుల మొహంలో తేజస్సు ఉంటుంది. మామూలు కంటికి కనపడదు. పెద్ద కెమెరా కనక పట్టింది. అదే చిన్నది కొనుంటే ఉత్త మొహమే పడేది."

కెమెరాను అభినందిస్తూ తీర్మానం ప్రవేశపెట్టారు. కాంతారావుగారు బలపరిచారు.

"ఆ రోజు అందరూ కెమెరా వెనక్కి తిప్పి చూశారు కదండీ! ఒక్కళ్లకీ కనపడలేదా?" అంది రత్నకుమారి.

"నాది నేను చూసుకున్నానమ్మా" అన్నారు ఒకరు. "నేనూ అంతే" అన్నారు ఇంకొకరు. మోషేగారు ఒక్కరే తల దించుకున్నారు. ఆయన అందులో లేరు గనుక అసలు చూడనే లేదు.

రత్నకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కెమెరా తన చేతికొచ్చినప్పుడు కళ్ళు మూసుకుపోయాయేమోనని చూసుకుంది. లేదు. పైట కుచ్చిళ్ళు నలిగాయేమోనని చూసుకుంది. బాగానే ఉన్నాయి. పక్కవాళ్లకి ఇచ్చేసింది.

ఆ పటం శాంతినగర్ కమ్యూనిటీ హాల్లో, గుమ్మానికి ఎదురుగా ఇప్పటికీ ఉంది. బందరు వస్తే చూడండి. మధ్య కుర్చీ మీకు ఇట్టే కనిపిస్తుంది. ఆ ఫోటోలో మీరు లేరు కదా.